సగం దించిన షట్టర్లు

సాయంత్రం నాలుగు గంటలు. పొద్దుటి నుంచీ ముసురు.

ఆ ఊరిని కాగితాల మీద నగరం అనేవారు. దానికొక మిల్లు ఉండేది. మిల్లు మూతపడ్డాక, దాన్ని చూసి నేర్చుకున్నట్టు, ఒక్కో కొట్టూ మూతపడుతూ వచ్చింది.

నగరం నడిమధ్యన పాత బజారు. ఒకప్పుడు అక్కడ భుజం రాసుకోకుండా నడవడం కుదిరేది కాదు. ఇప్పుడు ఎదురెదురు కొట్లవాళ్ళు గొంతు పెంచకుండానే రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి మాట్లాడుకునేవారు. మూడు కొట్లలో ఒకదానికి తాళం. తెరిచి ఉన్నవాటిలో బేరం కన్నా ఎదురుచూపే ఎక్కువ.

బజారుకి ఈ చివర, బట్టల కొట్టు అరుగు మీద, చీరలకి ఫాల్స్ కుట్టే తల్లి ఒకామె ఉండేది. ఆమెకి ఇద్దరు పిల్లలు. కూతురు బజారుకి ఆ చివర జిరాక్సు షాపులో పనిచేసేది. కొడుకు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు పోయాక పగలంతా ఎక్కడ ఉండేవాడో ఇంట్లో చెప్పేవాడు కాదు. భోజనానికి వచ్చేవాడు. ఒక్కోసారి అదీ లేదు. ముగ్గురూ ఉండేది మిల్లు క్వార్టర్లలో.

సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేటప్పుడు తల్లి ఒకే మాట అనుకునేది. ఇద్దరూ ఇంటికి వస్తే చాలు. ఇంకేం అడగను.

బజారుకి పోలీసులు అంటే జీపు. జీపు వస్తే తోపుడుబళ్ళు సందుల్లోకి పరిగెత్తేవి. జీపు పోతే మళ్ళీ వచ్చేవి. జీపులో ఎవరుంటారో బజారుకి తెలీదు. బజారులో ఎవరున్నారో జీపుకి తెలీదు.

పోయిన ఎండాకాలం ఒక పోలీసు నడిచి వచ్చాడు.

"జీపు పంక్చరయిందా సార్?" అంది అరటిపళ్ళ బండి ఆమె.

"లేదమ్మా. నన్ను నడవమన్నారు. రోజూ, ఈ బజారులోనే."

"ఏం తప్పు చేశారేంటి?"

బజారంతా నవ్వింది. పోలీసు కూడా నవ్వాడు. ఆమె నాలుగు పళ్ళు తుంచి ఇచ్చింది. "తీసుకోండి. ఎలాగూ తీసుకుంటారుగా."

"నాకు షుగరమ్మా."

"అయ్యో పాపం. మరి ఇక్కడ ఎలా బతుకుతారు సార్?"

అతను తల్లి దగ్గర కూడా ఆగాడు. పేరు అడిగాడు. తల్లి సూది ఆపింది.

"ఎందుకండీ పేరు?"

"రాసుకోడానికి కాదమ్మా. పిలవడానికి."

తల్లి చెప్పలేదు. జిరాక్సు షాపు అమ్మాయి వాళ్ళమ్మనని మాత్రం చెప్పింది. అతను అలాగే పిలిచేవాడు.

ఆ బజారుకి ఒక మర్యాద ఉంది. శ్మశానానికి దారి అటే. శవం వస్తోందంటే కొట్లవాళ్ళు షట్టర్లు సగం దించుతారు. శవం దాటిపోయేదాకా ఎవరూ మాట్లాడరు. తలమీద ఏముంటే అది తీసి చేత్తో పట్టుకుని నిలబడతారు. పోయినవాళ్ళు ఎవరని అడగరు. ఏ వీధివాళ్ళైనా, ఏ ఇంటివాళ్ళైనా, బజారు దాటేది ఆ సగం షట్టర్ల మధ్య నుంచే.

కొత్త పోలీసుకి ఇది తెలీక, వచ్చిన వారంలోనే, శవయాత్ర వెనక ఇరుక్కున్న బస్సు కోసం విజిలేశాడు. బజారంతా అతని వైపు తిరిగి చూసింది. ఇత్తడి పాత్రల కొట్టాయన వచ్చి విషయం చెప్పాడు.

"పోలీసైనా టోపీ తియ్యాలా?" అని అడిగాడు పోలీసు.

"పోయినాయన ఎవరో మేం అడగలేదు. నిలబడ్డాయన ఎవరైతే ఏంటి సార్?"

అతను టోపీ తీశాడు. ఆ రోజు నుంచి ఆ మర్యాదని బజారువాళ్ళ కన్నా గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి తాళాల కొట్టు షట్టరు తుప్పుపట్టి మధ్యలో ఇరుక్కుంటే, దాని ముందు టోపీ తీసి పది నిమిషాలు నిలబడ్డాడు.

"సార్, పోయింది షట్టరు," అంది అరటిపళ్ళ ఆమె. "మనుషులంతా బానే ఉన్నారు."

ఆ మాట చెప్పుకుని నెల రోజులు నవ్వుకున్నారు.

అలా వానాకాలం వచ్చింది. ఆ ముసురు రోజున మిల్లు క్వార్టర్లలో ఒక మాట పుట్టింది. కొట్లవాళ్ళు అర్జీ పెడుతున్నారట. క్వార్టర్లవాళ్ళ తోపుడుబళ్ళన్నీ బజారు నుంచి లేపించేస్తారట. మాట ఎవరు పుట్టించారో తెలీదు. పని లేని చోట మాట తొందరగా పెరుగుతుంది. మధ్యాహ్నానికి దానికి కాళ్ళొచ్చాయి. నాలుగింటికి చేతులు, చేతుల్లో కర్రలు.

అర్జీ నిజమే. అందులో ఏముందో మాత్రం క్వార్టర్లలో ఎవరూ చూడలేదు.

కేకలు మొదట వినపడింది తల్లికే. క్వార్టర్ల రోడ్డు ఆమె అరుగు పక్కనే బజారులో కలుస్తుంది. చూసింది. యాభై మందో, ఇంకా ఎక్కువో. మూడో వరుసలో ఆమె కొడుకు. చేతిలో కర్ర.

పిలిచింది. వినపడలేదో, వినలేదో.

అప్పుడే ఫోను మోగింది. జిరాక్సు షాపాయన. "అమ్మా, అమ్మాయి ఇప్పుడే బయల్దేరింది. అర్జీ కాపీలు పాత్రల కొట్టుకి ఇచ్చి అటే ఇంటికొస్తానంది."

అర్జీ కాపీలు. ఆ పిల్ల చేతిలో.

తల్లి అరుగు దిగి పరిగెత్తింది. మనుషులు ఆమె వెనక ఇంకా మలుపు తిరగలేదు. కేకలు మాత్రం ముందే బజారులోకి వచ్చేశాయి. కొట్లవాళ్ళు కొక్కేలు తీసి షట్టర్లు లాగుతున్నారు. గొడవ అంటే షట్టరు నేలదాకా దించడమే. లోపల తాళం వేసుకుని కూర్చోవడమే. అదీ బజారు అలవాటే.

"పూర్తిగా దించకండి! నా పిల్ల రోడ్డు మీద ఉంది!" అని కొట్టు కొట్టుకీ అరుస్తూ పోయింది. "దూరేంత ఖాళీ ఉంచండి బాబూ! ఏ కొట్టు దగ్గర ఉంటే ఆ కొట్లోకి దూరుతుంది!"

"వాళ్ళు కూడా దూరతారమ్మా!" అన్నాడు గడియారాల కొట్టాయన. అంటూనే షట్టరు నడుం ఎత్తున ఆపాడు. అతనికీ ఒక పిల్ల ఉంది.

పక్క కొట్టాయన ఆపాడు. ఎదుటి కొట్టాయన ఆపాడు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. పక్కవాడు ఆపాడు గనక ఆపారు. బజారు పొడుగునా షట్టర్లు సగంలో నిలిచాయి.

బజారు మధ్యలో సందు ఒకటి ఉంది. అందులోంచి నడిచే పోలీసు వచ్చాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. రెండు వైపులా సగం షట్టర్లు.

లాఠీ గోడకి ఆనించాడు. రోడ్డు అంచున నిలబడి టోపీ తీశాడు. రెండు చేతులా గుండెల దగ్గర పట్టుకుని తల వంచాడు. వాన అతని బట్టతల మీద పడుతోంది.

"ఓరి దేవుడా, ఈయనకి ఇప్పుడా!" అనుకుంది తల్లి. శవం కాదు సార్ అని చెప్పబోయింది. ఈలోపే వెనక గుంపు మలుపు తిరిగింది.

గుంపు ముందు మిల్లులో మేస్త్రీగా చేసిన పెద్దాయన ఉన్నాడు. తలకి తువ్వాలు చుట్టి ఉంది. తాళాలేసిన కొట్లు ఉంటాయనుకుని వచ్చాడు. లాఠీలు ఉంటాయనుకుని వచ్చాడు. రెంటికీ సిద్ధపడే వచ్చాడు. చూసింది సగం దించిన షట్టర్లు. తల వంచిన పోలీసు. వాన.

పోయినేడు ఆయన భార్య ఈ దారినే వెళ్ళింది. ఆ రోజు కూడా ఈ షట్టర్లు ఇలాగే దిగాయి. ఎవరి భార్య అని ఎవరూ అడగలేదు.

మేస్త్రీ ఆగాడు. ఆయన చెయ్యి దానంతటదే తలమీదికి వెళ్ళింది. తువ్వాలు తీశాడు. ఆయన వెనకవాళ్ళు ఆగారు. వాళ్ళ వెనకవాళ్ళు ఆగారు. కేక ఒక్కో వరుసే దాటుకుంటూ వెనక్కి వెళ్ళి, చివరి వరుసలో ఆగిపోయింది.

"ఎవర్రా పోయింది?" అన్నారెవరో మెల్లిగా.

"ష్."

అందరూ శవం కోసం ఎదురుచూశారు.

బజారు ఆ చివర నుంచి ఒక గొడుగు వస్తోంది. కూతురు. ప్లాస్టిక్ కవరులో కాగితాల కట్ట, గుండెలకి హత్తుకుని. జనం నిలబడి ఉండటం చూసి, ఆమె కూడా గొడుగు మూసింది. కొట్లోకి దూరాలని ఆమెకి తోచనే లేదు. దూరాల్సిన పనేముంది? మర్యాద జరుగుతోంది. తడుస్తూ, తల వంచుకుని, రోడ్డు వారగా నడిచి వచ్చింది. పాత్రల కొట్టు ముందు మేస్త్రీ దారికి అడ్డంగా ఉంటే ఆగింది.

"ఎవరు పెదనాన్నా?" అని అడిగింది నెమ్మదిగా.

మేస్త్రీ పోలీసు వైపు చూశాడు. పోలీసు పాత్రల కొట్టాయన వైపు చూశాడు. ఆయనేమో తల్లి వైపు చూశాడు. తల్లి కూతుర్నే చూస్తోంది.

అరటిపళ్ళ ఆమె చెప్పింది. "ఎవరూ పోలేదు తల్లీ. పోకూడదనే నిలబడ్డాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చేతిలో ఏంటమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"అర్జీ కాపీలు, పెదనాన్నా."

ఆ మాట వెనక వరుసల్లోకి వెళ్ళింది. మూడో వరుసలో ఒక కర్ర లేచింది. అది ఎవరి చెయ్యో బజారులో తల్లి ఒక్కదానికే, చూడకుండానే తెలుసు. ముందున్న వాళ్ళు అడ్డం గనక, కాగితాలు పట్టుకున్నది ఎవరో ఆ చేతికి మాత్రం తెలీదు.

పోలీసు లాఠీ వైపు వెళ్ళలేదు. విజిలు నోట పెట్టలేదు. టోపీ గుండెల దగ్గర అలాగే ఉంది.

"శవం ఇంకా రాలేదు బాబూ," అన్నాడు. "దించు."

ఇంట్లో పెద్దవాళ్ళు అన్నట్టు అన్నాడు. ముందు వరుసలవాళ్ళు తప్పుకుని వెనక్కి చూశారు. ఆ ఖాళీలోంచి అన్న చెల్లెల్ని చూశాడు. చెల్లెలు అన్నని చూసింది, అన్న చేతిని చూసింది.

"అన్నయ్యా, తడిసిపోతున్నావు," అంది. ఇంకేం అనాలో ఆమెకి తెలీలేదు.

కర్ర కిందికి దిగింది.

మేస్త్రీ ఒక కాపీ తీసుకుని, కళ్ళకి దూరంగా పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. మురుగుకాలువ పూడిక తియ్యమని. దీపాలు వేయించమని. బజారు ఈ చివర నుంచి మిల్లు క్వార్టర్ల ఆఖరి వరసదాకా.

"మన వరస కూడా రాశారురా," అన్నాడు వెనక్కి తిరిగి.

"బళ్ళ సంగతి?" అన్నారెవరో.

"బళ్ళు లేపితే మేం మాత్రం ఎవరికి అమ్ముతాం, ఒకళ్ళకొకళ్ళమా?" అన్నాడు పాత్రల కొట్టాయన, షట్టరు కింద నుంచి వంగి. "లోపలికి రా మేస్త్రీ. తడుస్తున్నావు. పెన్ను ఉంది. సంతకం పెట్టి పో."

మేస్త్రీ తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు. తర్వాత వంగి, షట్టరు కింద నుంచి లోపలికి వెళ్ళాడు.

మిగతావాళ్ళు ఇద్దరేసి, ముగ్గురేసి కదిలారు. కర్రలు ఎక్కడ పడెయ్యాలో తెలీక కొందరు ఇంటికే తీసుకుపోయారు. పొయ్యిలోకి పనికొస్తాయి.

శవం రాలేదు. చీకటి పడబోయేదాకా రాలేదు. కొట్లవాళ్ళు ఒక్కొక్కరే షట్టర్లు పైకి ఎత్తారు.

"తెలిసే నిలబడ్డారా సార్?" అని తల్లి అడిగింది. చేతులు జోడించే అడిగింది.

"షట్టర్లు సగంలో ఉన్నాయి కదమ్మా," అన్నాడు పోలీసు. టోపీలో నిలిచిన నీళ్ళు వంపేసి, తలమీద పెట్టుకుని, లాఠీ తీసుకుని నడిచి వెళ్ళాడు. అంతకన్నా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక తల్లి బియ్యం కడగడానికి రెండుసార్లు కూర్చుని రెండుసార్లు లేచింది. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. వీధిలో ఇంకా కొంచెం వెలుతురు ఉంది.

కూతురు. పెరట్లో జుట్టు తుడుచుకుంటోంది. ఒకటి.

కొడుకు. గోడకి ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా. రెండు.

ఆమె లెక్క ఎప్పుడూ అక్కడే ఆగేది. ఆ రోజు ఆగలేకపోయింది. మేస్త్రీ ఇందాకే ఎదురింటి తలుపు తీసుకున్నాడు, మూడు. అరటిపళ్ళ ఆమె బండి చక్రం చప్పుడు వినపడింది, నాలుగు. గడియారాల కొట్టాయన ఫోను చేసి, అమ్మాయి చేరిందా అని అడిగాడు, ఐదు. పాత్రల కొట్టాయన ఇల్లు కొట్టు పైనే, ఆరు. కర్రలతో పోయినవాళ్ళ ఇళ్ళలో ఒక్కో దీపమే వెలుగుతోంది. వాళ్ళ పేర్లు తెలీదు గనక దీపాలు లెక్కపెట్టింది.

"ఆ పోలీసాయన చేరాడో లేదో," అంది.

కొడుకు చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు. తల్లి వద్దనలేదు. గుమ్మంలోంచి లేవలేదు.

కూతురు పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికే వేళకి వచ్చాడు.

"చేరాడమ్మా. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చునుంది. నన్ను ఎవరని అడగలేదు. నువ్వు చేరావా నాయనా అంది."

తల్లి తల ఊపింది. కొడుకు మళ్ళీ గడప దాటి లోపలికి వచ్చాడు గనక, లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఒకటి.