శంఖద్వీపంలో నవ్వని చిలక

పూర్వం, సముద్రాలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మణిగిరి అనే రాజ్యాన్ని ధర్మకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు కత్తి పట్టాడంటే ఎదురు లేదు. రెండోవాడు శ్రుతవర్మ నోరు విప్పాడంటే శ్లోకమే. మూడోవాడు మకరందుడికి కత్తీ రాదు, శ్లోకమూ రాదు. కానీ అతను సభలో అడుగుపెడితే చాలు, అందరి ముఖాలూ విప్పారేవి. ఎవరి నడకైనా నడిచి చూపించేవాడు, ఎవరి గొంతైనా పలికేవాడు. ముసలి సేనాపతి తుమ్ముతూ యుద్ధానికి ఆజ్ఞలివ్వడం అతను చేసి చూపిస్తే, ఆ సేనాపతే అందరికంటే ముందు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి శంఖద్వీపం నుంచి దూత వచ్చాడు.

"మహారాజా, కరాళుడనే మాంత్రికుడు మా రాజకుమారి హేమవల్లిని ఎత్తుకుపోయి తన తోటలో ఉంచాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక పంజరానికి తలుపు లేదు. చిలక నవ్వితేనే పంజరం విచ్చుకుంటుంది. ఎవరైనా వెళ్ళి మూడుసార్లు నవ్వించి చూడొచ్చు. మూడోసారీ నవ్వకపోతే నిలువునా రాయైపోతారు. మాంత్రికుణ్ణి చంపినవాడికి మా రాజుగారు కూతుర్నిస్తారు, రాజ్యమూ ఇస్తారు" అన్నాడు.

శూరసేనుడు వెళ్ళాడు. పంజరాన్ని కత్తితో మూడు దెబ్బలు కొట్టి రాయైపోయాడు. శ్రుతవర్మ వెళ్ళాడు. మూడు శ్లోకాలు చదివి రాయైపోయాడు. ఆ కబురు వినగానే మకరందుడు తండ్రి ముందు నిలబడ్డాడు.

"వద్దురా. నువ్వు కూడా వెళ్తే నేనెవర్ని చూసుకోను?" అన్నాడు రాజు.

"అన్నయ్యలు నవ్వించడానికి పుట్టలేదు నాన్నగారూ. నేను పుట్టిందే అందుకు. ఒక్క చిలకని నవ్వించలేనా?" అన్నాడు మకరందుడు. ధైర్యంగానే అన్నాడు, కొంచెం గర్వంగా కూడా అన్నాడు.

ఓడలెక్కాడు. ఓడలు దిగాడు. అలా ఆరు సముద్రాలు దాటాడు. ఏడో సముద్రం మీద వానాకాలంలో ఓడలు నడవవు. ఒడ్డున ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ తిరుగుతుంటే, ఒక గూడబాతు వలలో చిక్కుకుని కనిపించింది. సంచీలాంటి ముక్కు, దుఃఖంలో ఉన్న పురోహితుడిలాంటి ముఖం. మకరందుడు గబగబా వల కోసి విడిపించాడు.

"ఎందుకయ్యా శ్రమ? లోపల హాయిగా ఉంది" అంది గూడబాతు.

"అయ్యో, తెలియక కోశాను, క్షమించు" అన్నాడు మకరందుడు.

గూడబాతు అతన్ని చాలాసేపు చూసింది. "శంఖద్వీపానికేనా? ఎక్కు" అంది.

దాని వీపు మీద ఏడో సముద్రం దాటాడు. దీవిలో దిగి ఊరికి దారి అడిగాడు.

"ఇలా తిన్నగా వెళ్ళు. మెత్తటి దారి. మా పినతండ్రి వెళ్ళాడు. ఎంత నచ్చిందో ఏమో, ఇంకా తిరిగి రాలేదు" అంది గూడబాతు.

మకరందుడు తిన్నగా వెళ్ళి నడుముదాకా బురదలో కూరుకుపోయాడు. గూడబాతు వచ్చి ముక్కుతో పట్టి లాగింది.

"వెళ్ళమంటే వెళ్ళిపోవడమేనా?"

"నువ్వే కదా వెళ్ళమన్నావు!"

"అన్నాను. నా ముఖం చూడలేదా?"

"నీ ముఖంలో ఏమీ లేదే!"

"అదే మరి" అని గూడబాతు ఎగిరిపోయింది.

బురద కారుతూనే మకరందుడు మాంత్రికుడి తోటకు వెళ్ళాడు. తోట ద్వారం ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, కరాళుడికి అంత ధీమా. లోపల వరసగా రాతి మనుషులు. వాళ్ళలో అన్నలిద్దర్నీ చూసి మకరందుడు వాళ్ళ రాతి చేతులు తడిమాడు. మధ్యలో పంజరం, పంజరంలో చిలక. పక్కన అరుగు మీద కూర్చుని హేమవల్లి పూలు కడుతోంది.

మకరందుడు ఏడుపు దిగమింగుకుని తన దగ్గరున్న అన్నిటికన్నా గొప్ప అస్త్రం తీశాడు. ముసలి సేనాపతిలా నడుము వంచాడు, మీసం సవరించాడు, "దాడి చెయ్యండి" అనబోయి పెద్దగా తుమ్మాడు. పడుతూ లేస్తూ, గుర్రం ఎక్కబోయి జారుతూ, చెమటలు పట్టేదాకా చేశాడు.

చిలక తల ఒక పక్కకి వంచి అంతా చూసింది.

"పాపం, ఆ పెద్దాయనకి జలుబు తగ్గిందా?" అంది.

అంతే. మకరందుడి ఎడమ చెయ్యి మోచేతిదాకా రాయైపోయింది.

"ఈ ఏడు వానలు వెలిసేదాకా గడువుంది. తొందరపడకండి" అంది హేమవల్లి మెల్లగా. "ఏటా వాడికి ఏదో ఒకటి చెప్పి పెళ్ళి వాయిదా వేస్తున్నాను. నిరుడు నా జుట్టు ఆరలేదన్నాను. వాడు ఏడాదంతా విసనకర్రలు పంపించాడు. ఇక చెప్పడానికి సాకులు మిగల్లేదు."

నిజంగా జుట్టు ఆరలేదేమో అనుకున్నాడు మకరందుడు.

ఊళ్ళో ఒక పూటకూళ్ళవ్వ ఇంట్లో చేరాడు. వచ్చినవాళ్ళకి అన్నం వండిపెట్టి అవ్వ బతుకుతోంది. అద్దె బదులు ఇంటిపని చేస్తానన్నాడు. అవ్వ అతని రాతి చేతిని తిప్పి తిప్పి చూసి, రోటి ముందు కూర్చోబెట్టింది. "మా పొత్రం మొన్ననే విరిగింది. దేవుడు పంపినట్టు వచ్చావు" అంది. ఆ రోజు నుంచి రాజకుమారుడు రాతి చేత్తో చింతకాయ పచ్చడి నూరేవాడు.

అక్కడి మనుషులు మంచివాళ్ళే. అడిగితే నీళ్ళిస్తారు, అడక్కపోయినా చేపలిస్తారు. కానీ వాళ్ళు ఏది నిజంగా అంటున్నారో, ఏది ఆటగా అంటున్నారో మకరందుడికి అంతుపట్టేది కాదు. కుండపోతగా వాన కురుస్తుంటే "ఇవాళ ఎండ దంచేస్తోంది" అనేవారు. పడవ మునిగిపోయినవాడు ఈదుకుంటూ వచ్చి "స్నానం అయింది" అనేవాడు. ఎవరూ నవ్వరు. మహా అయితే ఒక కన్ను మూసి తెరుస్తారు.

తను వాళ్ళని నవ్విద్దామని ఒకరోజు లావుపాటి పడవవాడి నడక నడిచి చూపించాడు. మణిగిరిలో అయితే ఆ పడవవాడే చప్పట్లు కొట్టేవాడు. ఇక్కడ అందరూ నేల చూశారు. ఒక తల్లి బిడ్డని చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ దేశంలో ఎవరైనా ఆటపట్టించుకోవచ్చు, కానీ తనని తాను మాత్రమే.

ఆ తర్వాత మకరందుడికి కాలు నిలవలేదు. పచ్చడి నూరడం కాగానే సముద్రపు ఒడ్డుకు పోయేవాడు. ఆ చివరిదాకా నడిచేవాడు, తిరిగి ఈ చివరికి వచ్చేవాడు. ఇంటి అన్నం మీద బెంగ లేదు, మెత్తటి పరుపు మీద బెంగ లేదు. తను సగం మాట అంటే మిగతా సగం అందుకుని నవ్వే మనిషి ఒక్కడూ లేడని బెంగ. "నేను సరదా మనిషిని" అని అరిచి చెప్పాలనిపించేది. అలా చెప్పుకోవాల్సి రావడమే అన్నిటికన్నా ఘోరంగా అనిపించేది.

వానలు సగం అయ్యాయి. ఓపిక పట్టలేక రెండోసారి తోటకు పరిగెత్తాడు. ఈ దేశపు కీలకం దొరికిందనుకున్నాడు. ఉన్నదాన్ని తిరగేసి చెప్పడమే కదా! ముఖం బిగించుకుని, జోరువానలో నిలబడి, "ఇవాళ ఎండ దంచేస్తోంది" అన్నాడు చిలకతో.

"బాగుంది. చేపల పుల్లమ్మ రోజూ అంటుంది. ఆవిడ అంటే ఇంకా బాగుంటుంది" అంది చిలక.

మకరందుడి కుడికాలు మోకాలిదాకా రాయైపోయింది.

ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అవ్వ బిందెడు నీళ్ళూ కొబ్బరిపీచూ తీసుకుని ఎక్కడికో బయలుదేరుతోంది.

"ఎక్కడికవ్వా?"

"మా అబ్బాయికి స్నానం చేయించడానికి. ఏడేళ్ళుగా వాడంత బుద్ధిమంతుడు లేడు. నిలబెట్టిన చోటు నుంచి కదలడు, ఎదురు మాట్లాడడు."

మకరందుడికి ఒక్కసారిగా అర్థమైంది. ఆ రాతి మనుషుల్లో ఒకడు ఈమె కొడుకు. అవ్వ ముఖంలో ఏమీ లేదు. కానీ ఆ బిందెని చంటిబిడ్డలా గుండెకి హత్తుకుని ఉంది. వీళ్ళు నొప్పి లేక నవ్వులాడటం లేదు. నొప్పి ఎక్కడుందో అక్కడే మాటని సన్నగా ఆనిస్తున్నారు. అతను లేచి, కుంటుకుంటూ వెళ్ళి బిందె అందుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ రాతి కుర్రాడికి పట్టిన నాచు రుద్ది కడిగారు. తర్వాత అన్నలిద్దర్నీ కడిగారు.

"మీవాడు ఎందుకోడిపోయాడవ్వా? ఈ దేశంవాడే కదా?"

"మా మాటలన్నీ ఆ చిలక గుడ్డులో ఉన్నప్పటి నుంచీ వింటోంది నాయనా. మావి పాతవి. పై దేశంవాళ్ళవి దానికి తెలియవు. దానికి మాత్రం నవ్వెలా వస్తుంది?"

వానలు వెలిశాయి. తోటలో పెళ్ళిపందిరి లేచింది. కరాళుడు కొత్త పట్టుబట్ట కట్టుకుని పందిట్లో మామిడాకులు సరిచూసుకుంటున్నాడు. మకరందుడు కాలీడ్చుకుంటూ వచ్చి పంజరం ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. అన్నల వైపు చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు.

"చిలకా, మా నాన్నగారు వద్దన్నా రాజ్యం జయిద్దామని వచ్చాను. ప్రస్తుతానికి పచ్చడి నూరుతున్నాను. చెయ్యి బాగా కుదిరింది" అన్నాడు.

చిలక ముక్కు కదిలింది. హేమవల్లి కడుతున్న దండ ఆగింది.

"కాలు కూడా పనికొస్తోంది. పడవవాళ్ళు నన్ను లంగరు బదులు తీసుకెళ్తున్నారు. గౌరవంగానే దించుతున్నారు, నీళ్ళలోకి."

చిలక రెక్కలు టపటప కొట్టుకుంది. ఒక కన్ను మూసింది.

"మా అమ్మ చిన్నప్పటి నుంచీ ఒకటే పోరు, నీకు నిలకడ లేదురా, నీకు నిలకడ లేదురా అని. పాపం, ఇప్పుడు చూసి సంతోషిస్తుంది. కింద నుంచి వస్తోంది నిలకడ. నువ్వు ఇవాళ కూడా నవ్వకపోతే పూర్తిగా వచ్చేస్తుంది."

ఆ మాట అంటూ తన రాతి మోకాలిని అరచేత్తో తట్టాడు. కానీ ముఖం కదల్లేదు.

చిలక ముందు దగ్గింది. తర్వాత కీచుమంది. తర్వాత ఆపుకోలేక తలకిందులుగా వేలాడుతూ నవ్వింది. హేమవల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంజరం తామరపువ్వులా విచ్చుకుంది.

పందిట్లోంచి కరాళుడు గావుకేక పెట్టి పరిగెత్తుకొచ్చాడు. మకరందుడు కుడిచేత్తో చిలకని అందుకున్నాడు. వేళ్ళ కింద దాని గుండె టకటక కొట్టుకుంటోంది.

"కానీ నాయనా, పిసికెయ్యి. నా మెడ నాకు మొదటి నుంచీ నచ్చలేదు" అంది చిలక, ముఖంలో ఏమీ లేకుండా.

మొదటి రోజున అయితే మకరందుడు పిసికేసేవాడే. ఇప్పుడు ఆ మాటలో భయం వినబడింది. వేళ్ళు సడలించాడు.

"నిన్ను చంపను. వేరే దారి ఉంటే చెప్పు, త్వరగా!"

"నాలుక కింద ఉంది వాడి ప్రాణం. తియ్యి" అని చిలక నోరు తెరిచింది. ఆవగింజంత నల్లపూస. మకరందుడు దాన్ని తన రాతి మోకాలి మీద పెట్టాడు. కరాళుడి గోళ్ళు భుజం మీద పడుతుండగా రాతి పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. పూస పగిలింది. కరాళుడు పట్టుబట్టతో సహా గుప్పెడు బూడిదై రాలిపోయాడు.

మకరందుడి చెయ్యి వెచ్చబడింది, కాలు వెచ్చబడింది. రాతి మనుషులు ఒక్కొక్కరే ఒళ్ళు విరుచుకున్నారు. శూరసేనుడు కత్తి కోసం వెతుక్కున్నాడు. శ్రుతవర్మ ఆగిన శ్లోకం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. మకరందుడు ఇద్దర్నీ కలిపి కావలించుకుని భోరుమన్నాడు. అవ్వ కొడుకు ఇంటికి పరిగెత్తి గుమ్మంలో నిలబడ్డాడు. అవ్వ వాణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఇంత ఆలస్యమా? అన్నం చల్లారిపోయింది" అంది. అని, అక్కడే చతికిలబడి, వాడి పాదాలు రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

శంఖద్వీపపు రాజు మాట నిలబెట్టుకున్నాడు. ఏడు సముద్రాలు దాటి ధర్మకేతుడు పెళ్ళికి వచ్చాడు. విందులో ఆయన ఒక హాస్యం చెప్పాడు. మణిగిరివాళ్ళు విస్తళ్ళు ఎగిరేలా నవ్వారు. దీవివాళ్ళు గంభీరంగా తలలూపారు.

"వీళ్ళకి నచ్చలేదేమిట్రా?" అన్నాడు రాజు కొడుకు చెవిలో.

"నచ్చింది నాన్నగారూ. మీ వియ్యంకుణ్ణి చూడండి, రెండు కళ్ళూ మూసుకున్నారు. ఇక్కడ అంతకు మించి నవ్వరు" అన్నాడు మకరందుడు.

పెళ్ళయ్యాక హేమవల్లి అత్తవారింటికి మణిగిరి వచ్చింది. వచ్చిన వారానికే ఎవరో ఆవిడ నడక నడిచి చూపిస్తే సభంతా గొల్లున నవ్వింది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రం మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది. మకరందుడు సర్దిచెప్పబోలేదు. పక్కన చేరి, ఆవిడ అడుగుతో అడుగు కలిపి నడిచాడు. చీకటి పడేవేళకి ఆవిడే ఆగి, "ఆ నడక నిజంగా నాదేనా?" అంది.

"కొంచెం నీదే" అన్నాడు.

ఆవిడ మళ్ళీ నాలుగడుగులు వేసి, తన కాళ్ళకేసి తనే చూసుకుని, మొట్టమొదటిసారి పైకి వినబడేలా నవ్వింది.

ధర్మకేతుడి తర్వాత అన్నల ఇష్టంతోనే మణిగిరి కూడా మకరందుడికి దక్కింది. అతనూ హేమవల్లీ ఆ రెండు దేశాలనీ చాలాకాలం చల్లగా ఏలారు. పిల్లలూ మనవలూ పుట్టారు. ఏ ఒడ్డు నుంచి ఏ ఓడ దిగి ఎవరొచ్చినా, వాళ్ళ రాజ్యంలో ముందు అన్నం పెట్టి, తర్వాత నిదానంగా మాట కలిపేవారు.