కొండ కనబడని చోట

గురువు పోతయ్యను ఎవరేమడిగినా ముందు చేతిలోని వల దారం పంటితో తెంపేవాడు. తరవాత ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవాడు.

దానయ్య ఆ రోజు దీవెన కోసం వచ్చాడు. కొడుకు గుజరాత్ పడవల్లో పనికి కుదిరి ఏడాదైంది. ఫోను మోగితే దానయ్యకు భయం, మోగకపోతే అంతకన్నా భయం. ఇప్పుడు కొడుకున్న పడవ నడపడానికే సరంగు కావాలని కబురొచ్చింది.

"నానే ఎల్లిపోతాను సామీ. సుక్కాని నా సేతిలో ఉంటే గుంటడు నా కళ్ల ముందరుంటాడు. తప్పా?"

గురువు దారం తెంపాడు. తాను పుట్టిన మొగలిదీవి సంగతి ఎత్తుకున్నాడు.

అక్కడ తాతలనాడు తెప్పల మీదే వేట, అదీ దీవి కొండ కనబడినంత మేర. తెరచాపలొచ్చాక కొండ నీళ్లలో మునిగిపోయేంత దూరం వెళ్లారు. పెద్ద చేప అక్కడే ఉంది. ఇంజన్లొచ్చాక వారాల తరబడి సముద్రం మీదే కాపురం. కొండ దాటిన నాడే పెద్దలొక కట్టుబాటు పెట్టారు: తండ్రీ కొడుకూ ఒకే పడవ ఎక్కకూడదు. పడవ పోయినా ఇంటికొక మగదిక్కు మిగలాలని కాబోలు అనుకున్నారు జనం.

లచ్చయ్య పేరుపడ్డ సరంగు. ఈడొచ్చిన కొడుకును తన పడవే ఎక్కించాడు. పెద్దలు వారిస్తే, "మీ బిడ్డల్ని మీరు గంగమ్మకి ఒప్పజెప్పండి. నా బిడ్డని నా కళ్లకే ఒప్పజెప్పుకుంతాను" అని ఎకసెక్కమాడాడు.

ఆ పడవ తిరిగి రాలేదు. చెక్క పట్టుకుని తేలుతున్న కొడుకొక్కణ్ణే వేరే పడవవాళ్లు తెచ్చి ఒడ్డున దించారు. లచ్చయ్యా, పడవలో పనిచేసే ముగ్గురు కళాసీలూ పోయారు. కళాసీల పెళ్లాలు వచ్చి కుర్రాడి ముందు కూర్చున్నారు. ఎవరూ తిట్టలేదు.

"అంత కెరటాన్ని మీ అయ్య సూడనేదేట్రా?" అని అడిగింది ఒకామె.

"నాను సూసినాను. అయ్య ఎనకాల లేచింది. అయ్య నాకేసే సూస్తన్నాడు."

దానయ్య "ఆ తండ్రి పేమ తక్కువదంటారా సామీ?" అన్నాడు.

"తక్కువని దీవిలో ఎవరూ అనలేదురా," అన్నాడు గురువు. "ఆఖరుదాకా కొడుకు మీంచి చూపు తిప్పలేదు."