రాజుగారు నమిలిన బియ్యం

ఎండలు మాడ్చేసే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. కొలువు మధ్యలో లేవడం రాజుకు నామోషీ అని ఆయన పట్టుదల. లేవకూడదంటే నీళ్లు తాగకూడదు. అందుకని పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు.

వేసవి ముదిరేసరికి మధ్యాహ్నమైతే చాలు, రాజుకు గుండె దడదడలాడేది. చేతులు వణికేవి. ఎవరు దగ్గినా ఉలిక్కిపడేవాడు. ఒకనాడు సేనాపతి ఎర్రమనాయకుడు ఎదురుగా నిలబడి మీసం సవరించుకున్నాడు. అంతే!

"కుట్ర! వీడి చూపులోనే ఉంది. కట్టేయండి!" అని అరిచాడు రాజు.

ఆస్థాన పండితుడు శేషాచార్యులు లేచాడు. "బియ్యం పరీక్ష పెట్టండి ప్రభూ. గుప్పెడు బియ్యం నమిలి ఉమ్మమనండి. తడిగా వస్తే నిర్దోషి. దోషికైతే భయంతో నోరెండి పొడిపిండి రాలుతుంది."

"పొడి రాలితే తల తీయించండి!" అన్నాడు రాజు.

విదూషకుడు కొమ్మన, సేనాపతి వంక చూశాడు. పాపం, ప్రాణభయంతో ఆయన పెదవులు అప్పటికే అతుక్కుపోయాయి. తప్పు చేయకపోయినా పొడే రాలుతుంది. ఆ తర్వాత రాజు వంక చూశాడు కొమ్మన. ఆ పెదవులు ఇంకా అధ్వాన్నం! కొమ్మనకు ప్రాణం లేచొచ్చింది.

"ప్రభూ, నిర్దోషి నోట బియ్యం ఎలా నానుతాయో సభకు తెలియాలి కదా! తమరికన్నా నిర్దోషి ఎవరున్నారు? ముందు తమరు నమిలి చూపిస్తే పోల్చి చూసుకుంటాం."

రాజు మురిసిపోయి గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. దగ్గొచ్చి, తెల్లటి పిండి పొగలా లేచి శేషాచార్యుల గడ్డం మీద పడింది.



"కొమ్మనా! అయితే నేను దోషినా?"

"ఆచార్యులవారి పరీక్ష అలాగే అంటోంది ప్రభూ. కుట్ర ఎవరి మీదో తమరే సెలవివ్వాలి."

"బియ్యం పాతవేమో..." అని గొణిగాడు శేషాచార్యులు.

"పాతవైనా కొత్తవైనా బియ్యానికి పాపపుణ్యాలు తెలీవు స్వామీ, తడి పొడి తప్ప!" అని కొమ్మన, రాజుకు నీళ్ల చెంబు అందించాడు. "అన్ని భయాలూ దప్పికవల్లే పుడతాయని నేననను ప్రభూ. కానీ ఎండిన ఒంట్లో గుండె ఊరికే బెదురుతుంది. ముందు తాగండి. ఆ తర్వాత కూడా కుట్ర కనిపిస్తే తల తీయిద్దురుగాని. నాది కూడా!"

రాజు గుటగుటా తాగాడు. ఇంకో చెంబు తెప్పించుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. దడ మెల్లగా తగ్గింది. కళ్లు తెరిచి సేనాపతిని ఎగాదిగా చూశాడు.

"ఇందాక వీడి మీసంలో నాకు కత్తులు కనబడ్డాయిరా. ఇప్పుడు చూస్తే వట్టి వెంట్రుకలే!" అని పగలబడి నవ్వాడు. "కట్లు విప్పండి!"

తన చేతి బంగారు కంకణం తీసి కొమ్మనకు తొడగబోయాడు. కొమ్మన చేయి గడగడా వణుకుతోంది.

"ఇదేమిట్రా?"

"కంకణం కాసేపు ఆగుతుంది ప్రభూ. ముందు నాకూ ఓ చెంబు ఇప్పించండి. నాది దప్పికో, తమరంటే భయమో తేలిపోతుంది!"