గోధుమ పోయినా పోని కావలివాళ్లు

ఒకప్పుడు పేగుల్లో కావలివాళ్లు అక్కడొకడు, ఇక్కడొకడు, పలచగా ఉండేవాళ్లు. దొంగ పడితే చుట్టాల్ని కేకేసేవాళ్లు. దొంగని తన్ని తగలేశాక చుట్టాలు ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు.

నీలవేణి అని ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల పేగులో కావలి గట్టయ్యది. పనిమంతుడే. కాకపోతే ఒకడి మీద ఒకసారి ఒక మాట అనుకున్నాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా మార్చుకోడు.

అతని పక్కనే నూగమ్మ ఉండేది. పేగు గోడ నిండా పచ్చిక మొలిచినట్టు మెత్తటి నూగు ఉంటుంది కదా, అందులో ఆమె ఒకతి. అన్నం వచ్చినా రొట్టె వచ్చినా సారం పీల్చి నెత్తురుకి అందించేది. ఆ సారంతోనే పిల్ల ఎదగాలి.

ఒకరోజు పాడు పురుగొకటి కడుపులో జొరబడింది. పిల్లకి ఒకటే వాంతులు. గట్టయ్య ఉరికెళ్లి చూస్తే పురుగు పక్కనే గోధుమ నిలబడి ఉంది. నేను పొద్దున చపాతీతో వచ్చాను, వీడెవడో నాకు తెలీదు అని గోధుమ మొత్తుకుంది.

"దొంగ పక్కన నిలబడ్డోడు దొంగే," అన్నాడు గట్టయ్య.

పురుగు చచ్చింది. గట్టయ్య పగ చావలేదు. చపాతీ దిగినప్పుడల్లా చుట్టాల్ని పిలిచి కర్రలెత్తించేవాడు. గోధుమ జారుకునేది. దెబ్బలు గోడకి తగిలేవి.

"తమ్ముడూ, నువ్వు కొడుతున్నది నన్ను," అంది నూగమ్మ.

"అడ్డు తప్పుకో అక్కా."

"నేనే గోడని. ఎక్కడికి తప్పుకోను?"

పిల్లకి పొట్ట ఉబ్బింది. కాళ్లూ చేతులూ చీపురుపుల్లలయ్యాయి. వాళ్లమ్మ సుగుణ నులిపురుగుల మందు పోసింది, దిష్టి తీసింది. ఏడుపు ఆగలేదు. చపాతీ తిన్న రోజే పిల్ల ముడుచుకుపోతోందని నాయనమ్మ ఆదెమ్మ కనిపెట్టి, రొట్టెలు మాన్పించి అన్నం, రాగి సంకటే పెట్టింది.

కొట్టడానికి ఎవరూ లేక గట్టయ్య కర్ర దించాడు. ఏడాది తిరిగేసరికి నూగమ్మ తలెత్తింది. పిల్ల వీధిలో పరుగులు పెట్టింది.

అయినా ఒకసారి చూపిద్దామని టౌన్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మమ్మల్నడక్కుండా తిండి ఎందుకు మాన్పించారని తిడతాడేమోనని సుగుణకి భయం. పిల్ల అన్నీ తింటుందండీ అని చెప్పేసింది. డాక్టరు నెత్తురు తీసి చూశాడు. లోపల కొట్లాట జరుగుతుంటేనే నెత్తురు ఆ కబురు మోస్తుంది. కొట్లాటే లేదాయె. ఏ జబ్బూ లేదు, అన్నీ పెట్టండి అన్నాడు డాక్టరు.

ఆదెమ్మ వద్దంది. ముసలిదాని చాదస్తం అన్నారు. మర్నాటినుంచి మళ్లీ చపాతీలే.

ఈసారి గట్టయ్య ఊళ్లకి ఊళ్లనే పిలిచాడు. నూగమ్మ అరవలేదు. అరిచే ఓపిక ఎక్కడిది? నెలలు తిరిగేసరికి గోడ గొరిగిన గుండులా అయిపోయింది.

పిల్ల మంచం పట్టాక ఇంకో డాక్టరమ్మ నోట్లోంచి సన్నటి గొట్టం దించి, గోడ ముక్క చిటికెడు తీసి, భూతద్దం కింద పెట్టి చూసింది. నూగు లేదు. దానిమ్మ గింజల్లా కిక్కిరిసి కావలివాళ్లున్నారు. ఆదెమ్మ జరిగిందంతా చెప్పింది. ఇది సీలియాక్ జబ్బు, ఇక బతికున్నన్నాళ్లూ గోధుమ ముట్టకూడదు అంది డాక్టరమ్మ.

గోధుమ ఆగింది. కొత్త నూగు మొలిచింది. వెళ్లండర్రా, పనైపోయిందిగా అని ఆ నూగు చెబితే చుట్టాలు కదల్లేదు. గట్టయ్య కదలనివ్వలేదు. అటూ ఇటూ చూసి, అక్క ఏదీ అని పక్కనున్న లేత మొలకని అడిగాడు.

"నువ్వే కొట్టి చంపావు," అంది మొలక.

గట్టయ్య కర్ర భుజానికెత్తుకున్నాడు.

"గోధుమ రాకపోయుంటే నేను కొట్టేవాణ్ణా?" అన్నాడు.

అప్పటినుంచే అలాంటి పిల్లల కడుపులో గోధుమ మానేసి ఏళ్లు గడిచినా, నెత్తురు ఏ కబురూ చెప్పకపోయినా, గట్టయ్య జాతి కావలివాళ్లు మాత్రం గోడ సందుల్లో పలచబడకుండా కర్రలు పట్టుకుని నిలబడే ఉంటారు.