సంపెంగకి నాలుగు మాటలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే ఊడిపోవాలి. చూసుకో కోడలా, రెండూ గట్టిగానే ఉన్నాయి.

గుమ్మడిగెడ్డ సంస్థానానికి రాజు నరసింహదేవుగారు. ఆయన మీసాలు నేలకి రాసుకోకుండా అటొకడు, ఇటొకడు బంట్రోతులు పట్టుకుని నడిచేవారు. ఆ మహానుభావుడికి ఓ రోజు ఇంగ్లీషు పిచ్చి పట్టింది. దొరలతో దొరలా మాట్లాడాలని పట్నం నుంచి భుజంగరావు పంతులిని రప్పించారు.

పంతులు మనిషి కొండంత. గర్వం ఆ కొండమీద కట్టిన కోటంత. వర్ణన మాటలు మూటలు మూటలుగా తెచ్చి దర్బారంతటిచేతా వల్లె వేయించేవాడు. గ్రాండ్! నోబుల్! మెజెస్టిక్! ఆరు నెలలయ్యేసరికి కోటలో చిలకలేం ఖర్మ, గోడమీద బల్లులు కూడా మెజెస్టిక్ అనేవి.

అంతలో పట్టపుటేనుగు సంపెంగ గొలుసు తెంపుకుని పోయింది. పోయి పోయి జిల్లా దొర ఠాణాలో తేలింది. అక్కడ అప్పటికే దారితప్పిన ఏనుగులు ఆరున్నాయి. ఒక్కోదాన్నీ నలుగురేసి జమీందార్లు నాదంటే నాదంటుంటే దొరకి తల వాచిపోయి, రాజుగారికి కబురంపాడు.

"శుక్రవారం మీరే రండి. ఏనుగుని చూడకముందే దాని గుర్తులు మీ నోటితో ఇంగ్లీషులో చెప్పండి. అవి ఒక్క ఏనుగుకే సరిపోవాలి. లేకపోతే దాన్ని అడవిలో దుంగలు లాగడానికి పంపేస్తాను."

రాజుగారు ఏడిస్తే కోట కందకం నిండింది. అంతకు రెట్టింపు ఏడ్చింది ముద్దల పైడమ్మ. సంపెంగకి కూన నాటినుంచీ అన్నం ముద్దలు చేసి తినిపించిన మనిషి, మా నాన్నమ్మకి సాక్షాత్తూ మేనత్త. ఆవిడ ముద్ద ఒక్కటి దొర్లిస్తే వీధిలో బండి ఆగిపోయేది.

పంతులు మాత్రం మీసం దువ్వాడు.

"భయమేల ప్రభూ! బిగ్, గ్రాండ్, నోబుల్, మెజెస్టిక్ అనండి. అంటే పెద్దది, గొప్పది, పెద్దమనిషి తరహాది, గంభీరంగా నడిచేది. దొర అదిరిపోతాడు!"

గుమ్మం దగ్గర పైడమ్మ కిసుక్కున నవ్వింది.

"ఏమే, ముద్దలు పిసికేదానివి, నీకేం తెలుసు ఇంగ్లీషు?"

"నాకు ఇంగ్లీషు తెలీదు బాబూ. మీకు ఏనుగు తెలీదు." పైడమ్మ రాజుగారికి దణ్ణం పెట్టింది. "మారాజా, ఏనుగని చెప్పకండి. పంతులుగారి గుర్తులు మాత్రం తెలుగులో చెప్పి, దాన్ని పట్టుకురమ్మని ముగ్గురు భటుల్ని పంపండి."

రాజుగారు పంపారు. మొదటివాడు కోట నగారా దొర్లించుకొచ్చాడు. రెండోవాడు రాణీగారి గేదెని తోలుకొచ్చాడు. మూడోవాడు అసలు కదల్లేదు. నాలుగడుగులేసి పంతులి భుజంమీద చెయ్యేశాడు.

"వెతకడం దేనికి ప్రభూ? ఇక్కడే ఉంది."

దర్బారు నవ్వుకి పైకప్పు పెంకులు ఎగిరి మూడూళ్ళ అవతల పడ్డాయి. పైడమ్మ మాత్రం నిదానంగా అంది:

"మూడూ గొప్పవే మారాజా. మన సంపెంగే రాలేదు."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. "మరి నువ్వే నేర్పు పైడమ్మా. రేపే శుక్రవారం!"

పైడమ్మ ఇంటికి పరిగెత్తి తట్ట నెత్తికెత్తుకొచ్చింది. ముందు చిరిగిన అరిటాకు తీసి రాజుగారి చేతిలో పెట్టింది.

"దాని ఎడమ చెవి ఇలాగుంటుంది. ఏమంటారు పంతులుగారూ?"

"టోర్న్," అన్నాడు పంతులు, ముఖం మాడ్చుకుని.

రాజుగారు ఆకు చిరుగులో వేలు పెట్టి, టోర్న్ అన్నారు. తర్వాత వంకరపోయిన గరిటె. సంపెంగ తోక అలాగుంటుంది. బెంట్. తర్వాత మచ్చలు పడ్డ అరటిపండు. దాని తొండం అచ్చం అంతే. స్పాటెడ్. పట్టుకున్న మాట పట్టుకున్నట్టు రాజుగారి నోట్లో ఉండిపోయింది.

అడుగున జీడిపప్పు పాకం ఉంది. పైడమ్మ పైగుడ్డ తీసిందో లేదో, పంతులు రెండు చేతులా లాగేసుకున్నాడు.

"అడక్కుండా ఎదుటివాళ్ళది లాక్కునే గుణాన్ని ఏమంటారు బాబూ?"

"గ్రీడీ," అన్నాడు పంతులు, నోటినిండా పాకంతో.

"అదీ మా సంపెంగ గుణమే మారాజా. ఈ మాట మరిచిపోకండి."

శుక్రవారం ఠాణాలో దొర తేనీరు తాగుతూ కూర్చున్నాడు. ఏనుగులు గోడవతల ఉన్నాయి. రాజుగారు గుండె చిక్కబట్టుకుని, ఎడమ చెవి టోర్న్ అన్నారు. జవాన్లు చూసొచ్చి నాలుగే మిగిలాయన్నారు. తోక బెంట్. మూడు. తొండం స్పాటెడ్. రెండు!

"రెండున్నాయి రాజా," అని దొర పెదవి విరిచాడు. "ఇక అడవికే."

రాజుగారికి చెమటలు పట్టి ఠాణా గుమ్మందాకా వరదొచ్చింది. వెనకనుంచి పైడమ్మ దగ్గింది. అంతే, రాజుగారు గొంతు చించుకుని అరిచారు:

"గ్రీడీ!"

దొర నవ్వి రెండింటినీ లోపలికి తెప్పించాడు. ఒకటి బుద్ధిగా నిలబడింది. రెండోది దొర చేతిలో బిస్కట్టు లాగేసి, పళ్ళెం ఖాళీ చేసి, చాలక ఆయన నెత్తిమీద టోపీ తీసి నోట్లో పెట్టుకుంది.

"తీసుకుపోండి!" అని దొర కుర్చీ ఎక్కేశాడు. "నా బూట్లైనా మిగల్నివ్వండి!"

ఆ నవ్వులు లండన్‌దాకా వినిపించాయి. పైడమ్మకి పట్టుచీర, సంపెంగమీద అంబారీ, దర్బారులో పంతులు కుర్చీ పక్కనే కుర్చీ. మరి పంతులో? ఆనాటినుంచీ పాఠానికి ముందు పైడమ్మ సామాన్ల తట్ట మోసేవాడు.

సరేగానీ కోడలా, లోపలికెళ్ళి నా వక్కల సంచీ పట్టుకురా. గూట్లో ఆరున్నాయి. మంచిది తెచ్చేవు సుమా! కుడి మూల చిరిగి, తాడు ముడిపడి, బెల్లం వాసనేసేదే తే.