గడ్డివామికి వంక పెట్టిన కుందేలు

ఒకప్పుడు కుందేలుకి గొంతు ఉండేది. అలాంటిలాంటి గొంతు కాదు. అది నోరు తెరిస్తే కొండ మీద మేస్తున్న మేకలు తల ఎత్తి చూసేవి. ముక్కు మాత్రం ఊరికే మొహానికి అతికించినట్టు ఉండేది. చొక్కా గుండీ ఎంత కదులుతుందో అదీ అంతే కదిలేది.

అందుకని ఏ గడ్డి మంచిదో, ఏది చెడ్డదో తెలియాలంటే కుందేలు పరక కొరికి చూడాల్సిందే. బాగుంటే తినేది. బాగోకపోతే ఉమ్మేసేది. ఉమ్మేసి ఊరుకోకుండా ఎందుకు ఉమ్మేసిందో కూడా చెప్పేది. ఉమ్మేయడం అందరూ చూశారు. చెప్పింది మాత్రం ఒక్కరూ వినలేదు.

ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను, వినండి.

కొండ కింద పల్లెలో సూరమ్మ, గంగులు అని ఆలుమగలు ఉండేవారు. వాళ్ల దొడ్లో కపిల అనే ఆవు ఉండేది. ఆ పక్కనే, తాటాకుల గూట్లో ఒక తెల్ల కుందేలు ఉండేది. సూరమ్మకి ఆ కుందేలంటే ప్రాణం. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు నిమిరేది. పండగనాడు దాని నుదుట బొట్టు కూడా పెట్టేది. కానీ ప్రాణంగా చూసుకోవడం వేరు, మాట వినడం వేరు. ఆ రెండో పని ఆవిడకి చేతకాలేదు.

ఆ ఏడు కుందేలు కడుపుతో ఉంది. మంచి గడ్డి పెడదామని సూరమ్మ ముందుగా వరిగడ్డి తెచ్చి గూట్లో వేసింది. కుందేలు ఒక పరక కొరికి ఉమ్మేసింది.

"ఇది వట్టి బోలు పుల్లమ్మా. సారమంతా గింజల్లోకి పోయింది. తింటే నా పొట్ట నిండుతుందేమో గానీ పిల్లలకి పాలు పడవు" అంది.

సూరమ్మ జొన్నచొప్ప తెచ్చింది.

"ఇది కపిల నమిలేది. నా పళ్లకి ఇది పందిరి గుంజే" అంది కుందేలు.

సూరమ్మ వేరుశనగ తీగ తెచ్చింది. కుందేలు కొంచెం తింది.

"రుచిగానే ఉందమ్మా. కానీ రోజూ ఇదే తింటే కడుపు ఉబ్బుతుంది" అంది.

సూరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఇదేం విడ్డూరమే? మగపెళ్లివారి మేనత్తలా కూర్చుని, పెట్టినదానికల్లా వంక పెడతావు" అంది. గంగులు పగలబడి నవ్వాడు. కపిల కూడా నవ్వింది.

మీరే చెప్పండి, అందులో వంకేముంది? వరిగడ్డిలో సారం లేకపోవడం కుందేలు తప్పా? అయినా ఆ రోజు నుంచి ఊళ్లో దానికి వంకల కుందేలు అని పేరు పడిపోయింది. పేరు పడ్డాక ఇంకేముంది, నిజం చెప్పినా వంకే.

"సరే, నీకేం కావాలో నువ్వే చెప్పు తల్లీ" అంది సూరమ్మ.

"వాన వెలిశాక కొండ మీద మొలిచే గరిక కావాలమ్మా. పూత రాకముందే కొయ్యాలి. కోసి బాగా ఆరబెట్టాలి. పట్టుకుంటే గలగలలాడాలి గానీ పచ్చదనం పోకూడదు."

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, సూరమ్మ అందులో సగం విన్నది. మొగుడూ పెళ్లాలు కొడవళ్లు పట్టుకుని కొండెక్కారు. పూత రాని లేత గరిక మోపులు మోపులుగా కోశారు. దించుకొచ్చి, దొడ్డి వెనక ఉన్న నల్లబండ మీద పరిచి ఎండబెట్టారు. గడ్డి సగం ఆరింది. అంతలో జల్లు పడింది. సగం ఆరిన గడ్డి మళ్లీ తడిసింది.

తడిస్తే మళ్లీ ఆరబెట్టుకోవచ్చు. కానీ ఆ సాయంత్రమే ఊరి పెద్ద సోమయ్య ఆ దారిన వెళుతూ, "రేపు బుధవారం దాటితే మూఢం వచ్చేస్తుందర్రా. మళ్లీ నెలదాకా మంచిరోజు లేదు. వామి వేసేది ఉంటే రేపే వేసుకోండి" అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు గంగులు గుప్పెడు గడ్డి తీసి పిండి చూశాడు. "ఇంకా చెమ్మ ఉందే సూరమ్మా" అన్నాడు.

"చెమ్మదేముంది, వామిలో అదే ఆరుతుంది. ముహూర్తం పోతే మళ్లీ వస్తుందా?" అంది సూరమ్మ.

గడ్డి ఆరాలంటే ఎండ ఉండాలి, గాలి ఉండాలి. మంచిరోజు గడ్డినేం ఆరబెడుతుంది? ఆ ముక్క అడిగినవాళ్లే లేరు. ముహూర్తం దాటిపోతుందని హడావిడిగా వామి వేసేశారు. ఆ తొందరలో బండ అంచున కొంత గడ్డి అలాగే వదిలేశారు.

వామి మాత్రం ఎంత బాగా కుదిరిందో. కింద వెడల్పుగా, పైన గుండ్రంగా, ఇంటి చూరుని మించి లేచింది. సూరమ్మ దాని నెత్తిన సున్నపు చుక్కలు పెట్టిన నల్లకుండ దిష్టికి బోర్లించింది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, వామి అంటే ఇదీ అని మెచ్చుకున్నారు. సూరమ్మకి నేల మీద కాలు నిలవలేదు.

కొన్నాళ్లకి కుందేలు పిల్లల్ని పెట్టింది. కళ్లు తెరవని బుజ్జి పిల్లలు. తన రొమ్ము మీది బొచ్చు తనే పీకి, వాటికి మెత్తగా పరిచింది. సూరమ్మ మురిసిపోయి, వామి మధ్యలోంచి గడ్డి దూసి తెచ్చి కుందేలు ముందు వేసింది.

కుందేలు కొరికింది. వెంటనే ఉమ్మేసింది.

"అమ్మా, ఇది బూజు పట్టింది. లోపల గడ్డి ఉడికిపోతోంది. ఇది తింటే నాకు జబ్బు చేస్తుంది, నా పిల్లలకి పాలు ఉండవు. వామి పైన ఎండ తగిలిన గడ్డి ఉంటుంది, అది పెట్టమ్మా" అంది.

సూరమ్మ మొహం ఎర్రబడింది. "ఊరంతా మెచ్చిన వామికి బూజంటావా? నీ నోట్లోంచి మంచి మాటే రాదా?" అంది.

తరవాత ఆవిడ ఏం చేసిందో తెలుసా? గబగబా ఇంట్లోకి వెళ్లి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి, వామి చుట్టూ తిరిగి దిష్టి తీసింది. ఉప్పు పట్టుకున్న ఆ చెయ్యి ఒక్కసారి వామిలో పెట్టి చూసి ఉంటే ఎంత బాగుండేది. పెట్టలేదు. చెడిపోయిన గడ్డికి దిష్టి తీసి, నిజం చెప్పినదాన్ని తిట్టింది.

"ఆకలి రుచి ఎరగదులే. వేరే ఏమీ పెట్టకు. కడుపు కాలితే అదే తింటుంది" అన్నాడు గంగులు. గూటికి తడిక అడ్డం పెట్టేశాడు.

పక్కన కపిల ఆ గడ్డే నములుతోంది. "పెట్టిన చేతికి వంక పెట్టకూడదమ్మా. నేను తినడంలేదూ?" అని బుద్ధి చెప్పింది. చెబుతూనే ఖళ్లు ఖళ్లున దగ్గింది.

"ఆ దగ్గేమిటి వదినా?" అంది కుందేలు.

"ఏమీ లేదు, పొలమారింది" అంది కపిల. మళ్లీ దగ్గింది.

ఆ పూట గడిచింది. మర్నాడూ అంతే. కుందేలు పస్తులుంది. పిల్లలు పొట్ట కింద దూరి వెతుక్కుంటున్నాయి. పాలు లేవు. ఆ బూజు గడ్డి తింటే తను పడిపోతుంది, తినకపోతే పాలు పడవు. ఎటు చూసినా పోయేది పిల్లల ప్రాణమే.

కుందేలు అరిచింది. తడిక పట్టుకుని గొంతు చించుకుని అరిచింది. "వామి చెడిపోయింది. చెయ్యి పెట్టి చూడండి. నా పిల్లలు చచ్చిపోతున్నాయి" అని అరిచింది. ఊరు ఊరంతా ఆ అరుపు విన్నది. పక్కింటివాళ్లు వచ్చి గోడ మీంచి చూశారు. "సూరమ్మా, గారాబం ఎక్కువైతే ఇంతే" అన్నారు. ఎవరిదారిన వాళ్లు పోయారు.

అది ఏమంటోందో ఒక్కరైనా అడగాలా వద్దా? గడ్డి గురించి గడ్డి తినేదాన్ని కాక ఇంకెవర్ని అడుగుతారు? నాకు అర్థం కాదు.

అప్పుడు గాలి వచ్చింది. తడిక సందులోంచి లోపలికి దూరి, ఉస్సూరుమని కూలబడింది.

"పొద్దుటినుంచీ నీ అరుపులు మోసి మోసి నా నడుం పడిపోయింది" అంది గాలి.

"ఎక్కడికి మోశావు?" అని అడిగింది కుందేలు.

"ఊళ్లో ప్రతి చెవి దాకా మోశాను. చెవి దాటి లోపలికి పంపడం నా చేతిలో లేదు."

కుందేలుకి కోపం నషాళానికి అంటింది. "అయితే ఈ గొంతు నాకెందుకు? ఇంత గొంతు ఉండి నా పిల్లలకి గుప్పెడు గడ్డి తేలేకపోయింది. నువ్వే తీసుకుపో" అంది.

"పోతే మళ్లీ రాదు. బాగా ఆలోచించుకో" అంది గాలి.

కుందేలు పిల్లలవైపు చూసింది. అన్నిటికన్నా చిన్నది వెతకడం మానేసి పడుకుండిపోయింది.

"ఆలోచించుకోవాల్సింది నేను కాదు. తీసుకుపో" అంది. అదే అది ఆడిన ఆఖరి మాట.

గాలి ఆ గొంతు తీసుకుంది. కానీ గాలికి మర్యాద తెలుసు, ఊరికే తీసుకుపోలేదు. "నా దగ్గర ఉన్నదల్లా కదలడమే. అందులో కాస్త నీకిస్తాను. దూరాన ఉన్నది కూడా నీ దగ్గరకొచ్చి చెబుతుంది" అని కుందేలు ముక్కు మీద చిటికెడు గాలి ఊదింది.

కుందేలు ముక్కు వణికింది. మళ్లీ వణికింది. ఇక ఆగలేదు.

ఒక్కసారిగా దొడ్డంతా వాసనల్లో విప్పుకుంది. అదిగో వామి పొట్టలో ఉడుకుతున్న బూజు. అదిగో కపిల నోట్లో చేదు. వాటన్నిటి వెనకనుంచి, సన్నగా, తియ్యగా ఇంకో వాసన వచ్చింది. ఎండిన గరిక వాసన. ముహూర్తం తొందరలో బండ అంచున వదిలేసిన గడ్డి, ఇన్నాళ్లూ ఎండా గాలీ తగిలి, ఆరాల్సినంతా ఆరి, పచ్చగా గలగలలాడుతోంది.

కుందేలు ముందుకాళ్లతో తడిక కింద మట్టి తవ్వింది. గోళ్లు అరిగేలా తవ్వి, కన్నం చేసి, పొట్ట ఈడ్చుకుంటూ బయటపడింది. బండ దగ్గరకెళ్లి కడుపునిండా తింది. ఒక్క పరక కూడా ఉమ్మలేదు. తిరిగొచ్చి పిల్లల్ని దగ్గరకి తీసుకుంది. కాసేపటికి పాలు దిగాయి. చిన్నది కూడా కదిలి నోరు తెరిచింది.

కుందేలు మళ్లీ బండ దగ్గరకి వెళ్లినప్పుడు సూరమ్మ చూడనే చూసింది.

"ఇంట్లో ఇంత వామి పెట్టుకుని బండ మీద ఏరుకు తింటావా? చూసినవాళ్లు నిన్ను నేను మాడ్చేస్తున్నాననుకోరూ?" అని కేకలేసింది. అనుకోవడమేమిటి? మాడ్చింది కాదూ మరి?

సరిగ్గా అప్పుడే దొడ్లోంచి గంగులు పిలిచాడు. "సూరమ్మా, ఇటు రా. వామిలోంచి పొగ వస్తోంది."

సూరమ్మ పరుగెత్తింది. వామి నడుమునుంచి తెల్లగా ఆవిరి లేస్తోంది. గంగులు చెయ్యి లోపలికి పెట్టి, వేడికి చటుక్కున లాక్కున్నాడు. కర్రతో పాయ తీస్తే లోపలంతా నల్లగా మగ్గిపోయి, బూడిద రంగు బూజు తెరలు తెరలుగా ఊడి వచ్చింది. ఇంకో రోజు ఆగితే మంట లేచేదే. దొడ్డీ ఇల్లూ అన్నీ పోయేవి.

మొగుడూ పెళ్లాలు వామి అంతా పడగొట్టారు. ఎండ తగిలిన పైగడ్డి ఏదో కాస్త మిగిలింది. మిగిలినదంతా పెంటలో పారేశారు. కపిల దగ్గుతూనే ఉంది, కానీ ఈసారి పొలమారిందని అనలేదు.

సూరమ్మ చేతులకి మసితో, చెమటతో వచ్చి కుందేలు ముందు చతికిలబడింది. కన్నం చూసింది. అరిగిన గోళ్లు చూసింది. పాలు తాగుతున్న పిల్లల్ని చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎంత పని అయిపోయిందే తల్లీ. ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా?" అంది.

ముందే ఒక్క మాట చెప్పొచ్చుట.

కుందేలు నోరు తెరిచింది. గొంతు లేదు. దూరంగా ఈతచెట్ల మధ్యనుంచి గాలి ఆ గొంతుతోనే కీచుమంటూ పోయింది. కుందేలు ఒళ్లంతా బిగుసుకుంది. ముక్కు గబగబా కదిలింది. వెనక కాలు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి నేలను ఒక్క తన్ను తన్నింది. దొడ్డంతా దద్దరిల్లింది.

అప్పటినుంచే కుందేలు నోరు విప్పదు. అప్పటినుంచే దాని ముక్కు ఒక్క క్షణం ఆగదు, వాసన చూడనిదే గడ్డి ముట్టుకోదు. కోపం వస్తే వెనక కాలితో నేలను తంతుంది, అంతే. మీరు పెట్టిన గడ్డిని అది కాదంటే వంకలు పెడుతోందని తిట్టకండి. మీరే ఆ గడ్డిలో చెయ్యి పెట్టి చూసుకోండి. అది చెప్పాల్సిందంతా ఎప్పుడో చెప్పేసింది.