పోలయ్య మింగిన ఓయ్

ఊఁ కొట్టేవాళ్లు ముందుకు జరగండి. నిద్రొచ్చేవాళ్లు గోడవారకి పొండి. ఊఁ కొట్టకపోతే నాకు ఒళ్లు మండుతుంది, కథ అక్కడే ఆపేస్తాను.

అనగా అనగా ఒక గోదారి పాయ. పాయకి ఇవతల ఒక రేవు, అవతల ఒక లంక. ఎప్పటి మాటంటే నాకేం తెలుసు? మా తాతకి వాళ్ల తాత చెప్పాడట, ఆయనకీ తెలియదట. అప్పటికి వంతెనల్లేవు, లాంతర్లు లేవు. పగలైనా పడవే, రాత్రయినా పడవే.

లాంతరు లేని రోజుల్లో రాత్రి పడవకి కళ్లుండవు, నోరే ఉంటుంది. పడవవాడు చీకట్లో "ఓహో..." అని కూతేస్తాడు. ఎదురుగా ఇంకో పడవ ఉంటే అందులోవాడు "ఓయ్" అని పలుకుతాడు. ముందు కూతేసినవాడిది దారి. ఓయ్ అన్నవాడు పక్కకి తప్పుకోవాలి. కూతలు మూడు వేయాలి. ఒక్కో కూతకీ ఒక గుక్క ఊపిరి పట్టి ఆగి వినాలి. మూడింటికీ ఎవరూ పలకలేదంటే నీళ్లు ఖాళీ అన్నమాట, ఇక పోవచ్చు. "కూతవాడిది దారి, ఓయన్నవాడిది ఓరిమి" అనేవారు అక్కడ. ఏటి మీద న్యాయమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉండేది.

ఆ రేవులో గవరమ్మ అని ఒకావిడ. ఆవిడకి ఇద్దరు కూతుళ్లు. ఇద్దర్నీ పడవవాళ్లకే ఇచ్చింది. పెద్దది నీలాలు, మొగుడు పోలయ్య, లంకలో కాపురం. చిన్నది చంద్రమ్మ, మొగుడు భైరన్న. వాళ్లది రేవులోనే, గవరమ్మ ఇంటి పక్కనే కాపురం.

తోడికోడళ్ల పోరు ఊరంతా వింటుంది. తోడల్లుళ్ల పోరు కడుపులోనే కుతకుతలాడుతుంది. పోలయ్య చెడ్డవాడేం కాదు. తాగడు, పెళ్లాన్ని కొట్టడు, ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని పడవ దింపుతాడు. వాడికున్నది ఒకటే జబ్బు. భైరన్నకి ఏది దక్కినా వాడి కడుపు భగ్గుమనేది.

గవరమ్మ చేప వండితే తలకాయ భైరన్న కంచంలో పడేది. పోలయ్యకి తోక ముక్క.

"వాడికేనా? నాకు కాదా?" అనుకునేవాడు పోలయ్య.

పండక్కి వెళ్తే గవరమ్మ భైరన్నకి పీట వాల్చేది. పోలయ్యతో మాత్రం, "నువ్వలా గడప కాడ కూకో అల్లుడా, గాలొత్తది" అనేది.

"వాడికేనా? నాకు కాదా?" అనుకునేవాడు పోలయ్య.

ఏటి మీదికొస్తే మరీ ఘోరం. భైరన్నది కంచు గొంతు. పోలయ్యది పీల గొంతు. వీడు కూతేద్దామని గొంతు సవరించుకునే లోపల వాడి కూత పాయంతా నిండిపోయేది. ఇంకేముంది, ఓయ్ అనడం, పక్కకి తప్పుకోవడం. రోజూ ఓయ్, రోజూ పక్కకి.

"దారి కూడా వాడికేనా? నాకు కాదా?"

పైకి అంటే కదా ఎవరైనా జవాబు చెప్పేది! భైరన్న కొత్తల్లుడు, వాడికి మర్యాద చెయ్యకపోతే మాటొస్తుందని గవరమ్మ భయం. పోలయ్య అప్పటికే ఇంటి మనిషైపోయాడు. ఇంటి మనిషికి పీటేమిటి, చేప తలకాయేమిటని ఆవిడ అనుకుంది. ప్రేమ ఎక్కువైన చోట మర్యాద తగ్గుతుందని పోలయ్యకి ఎవరు చెప్తారు? మా ఇంట్లోనూ ఎవరూ చెప్పరు.

ఇలా ఉండగా నీలాలుకి నెలలు నిండాయి. ఒక అమావాస్య నాడు, పొద్దు గూకే వేళకి నొప్పులు మొదలయ్యాయి. పోలయ్య ఇంట్లో లేడు, ఎగువకి కొబ్బరికాయలు దించడానికి పోయాడు. లంకలో ఆడవాళ్లు ఒడ్డున గడ్డి మంటేశారు. మంటేస్తే పడవ కావాలని గుర్తు.

అవతల రేవులో భైరన్న ఆ మంట చూశాడు. "అత్తా! వదినకి నొప్పులొచ్చినట్టున్నాయి, బేగి రా" అన్నాడు. గవరమ్మ జుట్టయినా ముడేసుకోకుండా వచ్చి పడవెక్కింది.

ఈలోగా మంట ఆరిపోయింది, పోలయ్య ఇల్లు చేరాడు. ఆడవాళ్లు వాణ్ణి గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. "అలా సూత్తావేటి? పోయి మీ అత్తని తోలుకురా. నీ పెళ్లాం అమ్మా అమ్మా అని కలవరిత్తంది" అన్నారు. మంట సంగతి ఆ హడావిడిలో ఎవరూ చెప్పలేదు. పోలయ్య వచ్చినవాడు వచ్చినట్టే పడవ తిప్పాడు.

ఊఁ కొట్టరేం? ఊఁ.

చీకటి. చేతిలో తెడ్డు కనపడని చీకటి. పాయ నడుమకి వచ్చి, కూతేద్దామని గొంతు సవరించుకునే లోపే ఎదురుగా వినపడింది.

"ఓహో..."

భైరన్న గొంతు. పోలయ్య నోరు తెరిచాడు. ఓయ్ అనే మాట నాలిక మీదికొచ్చింది. అంతలో కడుపు భగ్గుమంది. "నా పెళ్లాం నొప్పులు పడుతోంది. నేను అత్తకోసం పోతున్నాను. ఇవాళైనా దారి నాది కాదా? ఇవాళ కూడా వాడికేనా?" ఓయ్‌ని మింగేశాడు.

"ఓహో..." రెండో కూత. రెండో ఓయ్‌ని మింగేశాడు.

"ఓహో..." మూడో కూత. మూడో ఓయ్‌ని కూడా మింగేసి, "ఒక్కసారి వాడే తప్పుకోనీ, ఏం పోయింది?" అనుకుని తెడ్డేశాడు.

లేని పడవకి ఎవడు తప్పుకుంటాడు? భైరన్నకి ఎదురుగా ఎవరూ లేరనే నమ్మకం. రెండు పడవలూ మొహాలు పగిలేలా గుద్దుకున్నాయి. గవరమ్మ నీళ్లలో పడింది.

తోడల్లుళ్లిద్దరూ దూకారు. మునిగి లేచారు, మునిగి లేచారు, మూడోసారి మునిగి భైరన్న ఆవిణ్ణి పైకి తెచ్చాడు. అప్పటికే ప్రాణం పోయింది. ఆవిణ్ణి లంక ఒడ్డున పడుకోబెట్టే వేళకి నీలాలు ఆడపిల్లని కంది. పురిట్లోంచి "మాయమ్మ వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందని చెప్పడానికీ, రాలేదని చెప్పడానికీ ఎవరికీ నోరాడలేదు.

పెద్దకర్మ అయింది. మర్నాడు రేవులో కులపెద్దలు కూర్చున్నారు. రాత్రిపూట పడవలు గుద్దుకుని మనిషి పోతే తప్పెవరిదో తేల్చాలి. తప్పు తేలినవాడి తెడ్డు విరిచేస్తారు. వాడు మళ్లీ నీళ్ల మీదికి పోకూడదు. పడవవాడికి తెడ్డు విరవడమంటే పొయ్యిలో నీళ్లు పోయడమే.

కులపెద్ద వీరాసామి ముందు భైరన్నని పిలిచాడు.

"కూతేసేవా?"

"ఏసేనండి. మూడూ ఏసేను."

"కూతకీ కూతకీ ఆగేవా?"

భైరన్న తల దించుకున్నాడు. "రెండింటికి ఆగేనండి. మూడో కూతకి ఆగలేదు. ఆ ఒడ్డున వదిన కట్టపడతంది, పడవలో అత్త ఏడుత్తంది. నోరు కూతేత్తానే ఉంది, సెయ్యి తెడ్డేసేసింది."

తర్వాత పోలయ్యని పిలిచాడు.

"నువ్వు కూత ఇన్నావా?"

"గాలండి" అన్నాడు పోలయ్య. "ఇనబళ్లేదు."

పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. కూతేసినవాడికి న్యాయం ఉంది. ఓయ్ అన్నవాడికి న్యాయం ఉంది. వినపడనివాడి మీద తప్పు లేదు. వినీ పలకనివాడి సంగతి మాత్రం ఏ న్యాయంలోనూ లేదు. చీకట్లో సాటి పడవవాడు పిలిస్తే పలకని మనిషి ఉంటాడని అంతవరకూ ఎవరికీ తోచలేదు మరి!

"మూడో కూతకి ఆగి ఉంటే తెడ్డు సప్పుడైనా ఇనపడేది. తప్పు భైరన్నదే అవుతాది" అన్నాడు వీరాసామి బాధగా.

"నాదేనండి" అన్నాడు భైరన్న. "మా అన్ననేం అనకండి. అమ్మలాంటి అత్తని నా సేతుల్తో నేనే ముంచేసేను. ఇరిసెయ్యండి తెడ్డు."

రేవంతా గొల్లుమంది. ముసలమ్మలు లేచి వచ్చి భైరన్న తల నిమిరారు. "ఎంత ధర్మాత్ముడమ్మా!" అంది ఒకావిడ. "మా కడుపున పుట్టకపోతివే నాయనా!" అంది ఇంకో ఆవిడ. ఆఖరికి పోలయ్య పెళ్లాం నీలాలు కూడా, పసిగుడ్డుని ఒళ్లో పెట్టుకుని, "మా మరిది బంగారం. నాకోసమే కదా పడవేసేడు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

పోలయ్య ఒక మూల నిలబడి ఇదంతా చూస్తున్నాడు. వాడు కోరుకున్నదంతా జరుగుతోంది. భైరన్న తెడ్డు విరిగిపోతుంది. పాయంతా వాడిదే. ఇక ఎవరికీ ఓయ్ అనక్కర్లేదు, ఎవరికీ తప్పుకోనక్కర్లేదు. సంతోషించాలి కదా? వాడి కడుపు ఎప్పుడూ లేనంతగా భగ్గుమంది.

"వాడికేనా?" అని అరిచాడు.

అన్నాళ్లూ కడుపులో అనుకున్న మాట ఆవేళ బయటికి వచ్చింది. పీల గొంతు పీలగానే, కానీ రేవంతా వినపడింది.

"తలకాయి ఆడికే, పీట ఆడికే, దారి ఆడికే! ఇప్పుడు తప్పు కూడా ఆడికేనా? అది నాది! నేనిన్నాను. ఒకటీ ఇన్నాను, రెండూ ఇన్నాను, మూడూ ఇన్నాను. ఓయ్ అనలేదు. ఆడికి దారివ్వాల్సొత్తదని మింగేసేను. అత్తని సంపింది నేను. నాది నాకిచ్చెయ్యండి!"

భయపడి నిజం చెప్పినవాళ్లు ఉంటారు. దేవుడికి జడిసి చెప్పినవాళ్లు ఉంటారు. కుళ్లుబోతుతనంతో నిజం చెప్పినవాడు మాత్రం లోకంలో వాడొక్కడే.

భైరన్న ఒక్కసారి తలెత్తి వాణ్ణి చూశాడు. లేచి వెళ్లిపోయాడు.

వీరాసామి లేచి నిలబడ్డాడు. "ఇయ్యాల్టినించి ఇదీ కట్టు" అన్నాడు. "రాత్తిరి నీళ్ల మీద దారెవడిదైనా కానీ, ఇని పలకనోడిదే తప్పు. పోలయ్యా, నీ తెడ్డు ఇరిసేత్తాం. నువ్వు పడవెక్కకూడదు. అలాగని ఏరొదిలి పోకూడదు. పాయ మలుపులో ఇసక మేట కాడ పాకేసుకో. పొద్దు గూకితే ఎవడు కూతేసినా నువ్వు పలకాలి. నువ్వు మింగిన ఓయ్‌లు సచ్చేదాకా కక్కుతూనే ఉండాలి."

పోలయ్య పాకేసుకున్నాడు. నీలాలు పిల్లని తీసుకుని చెల్లెలింటికి పోయింది. పిల్లకి గవరమ్మ అని పేరు పెట్టుకుంది. పిల్లకి మాటలొచ్చేదాకా తల్లి కోపం దిగలేదు. దిగాక చెంబుతో గంజి పట్టుకుని మొగుడి పాకకి వచ్చింది.

పోలయ్య ప్రతి రాత్రీ పలికేవాడు. వానలో పలికేవాడు, వరదలో పలికేవాడు, జ్వరంలో పలికేవాడు. "ఓహో..." అంటే "ఓయ్! దిగువనించి ఇంకో పడవొత్తందిరో, ఆగు!" అనేవాడు. "ఓయ్! ఇక్కడ మేటుంది, అవతలకి తిప్పు!" అనేవాడు. బుద్ధి మారిందనుకుంటున్నారా? మీ మొహం! తనకంటే ముందు కప్పలు పలికితే కప్పల మీద మండిపడేవాడు. నక్క ఊళేస్తే దానికంటే పెద్దగా ఓయ్ అనేవాడు. పలకడమంటూ ఉంటే తనే పలకాలి. ఆ కుళ్లే ఎన్ని పడవల్ని ఒడ్డుకి చేర్చిందో!

అందరూ కూతేసేవారు. భైరన్న వేసేవాడు కాదు. మలుపు దగ్గరికి రాగానే నోరు కట్టేసుకుని, తెడ్డు మెల్లిగా వేసుకుంటూ పోయేవాడు. పోలయ్యకి ఆ తెడ్డు చప్పుడు తెలుసు. పాకలోంచి లేచి కూర్చునేవాడు. పిలవనివాడికి ఏమని పలుకుతాడు?

అలా ఏళ్లు గడిచాయి. ఒక మాఘమాసంలో పాయ మీద మంచు కమ్మింది. భైరన్న పడవలో పెళ్లివారున్నారు, పసిపిల్లలున్నారు. వాడికి రేవేదో, మేటేదో తెలియలేదు. తెడ్డు ఆపేశాడు. పడవలో పిల్లలు ఏడుపందుకున్నారు. భైరన్న కళ్లు మూసుకుని, ఓహో అనకుండా, "అన్నా!" అని కూతేశాడు.

"ఓయ్, తమ్ముడా!"

రెండో కూత వేయాల్సిన పని లేకపోయింది. "ఎడమకి తిప్పు. ఇంకా ఎడమకి. ఆఁ, ఇక తిన్నగా రా. నేనిక్కడే ఉన్నాను" అని ఆ పీల గొంతు పడవని చెయ్యి పట్టుకున్నట్టు తీసుకొచ్చింది. ఆనాటినించి భైరన్న వెన్నెల రాత్రుల్లో కూడా, ఏ అవసరం లేకపోయినా, మలుపులో "అన్నా!" అని కూతేసి ఓయ్ అనిపించుకునే పోయేవాడు.

పోలయ్య ముసలివాడై ఒక తెల్లవారుజామున పోయాడు. పాడె మోసిన నలుగురిలో భైరన్న ఒకడు. దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. మీకు తెలుసుగా, పోయినవాడి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని ఆశ. భైరన్న వంగి పిలిచాడు.

"పోలన్నా!"

పలుకు లేదు.

"పోలన్నా!"

పలుకు లేదు.

"పోలన్నా!"

చుట్టూ పడవవాళ్లంతా నిలబడి ఉన్నారు. ఆ మనిషిని పిలిస్తే పలకకపోవడం వాళ్లలో చాలామంది పుట్టి ఎరగరు. ఎవరూ అడుగు ముందుకేయలేకపోయారు. అప్పుడు భైరన్నే ముసలి కంచు గొంతుతో "ఓయ్" అన్నాడు. వెనకాల పడవవాళ్లందరూ "ఓయ్" అన్నారు. అప్పటికి గాని పాడె లేవలేదు.

ఇప్పటికీ ఆ పాయ మీద రాత్రి ఎవరు కూతేసినా "పోలన్న ఓయ్" అనే పలుకుతారు. పడవకి పడవ తగిలి పంచాయితీ పెడితే, దారెవరిదని అడగరు, "ఎవడు పలకలేదు?" అని అడుగుతారు. పిల్లలు పిలుపు విని కూడా విననట్టు కూర్చుంటే, "ఏరా, ఓయ్ మింగేవా?" అని తల్లులు మొట్టికాయ వేస్తారు. ఆ లంకల్లో ఎవరు పోయినా, దింపుడు కల్లం దగ్గర మూడో పిలుపు అయ్యాక, నిలబడ్డవాళ్లలో ఒకరు పోయినవాళ్ల తరఫున ఓయ్ అనాలి. అననిదే పాడె ఎత్తరు.